పశుపోషణ – ప్రశ్నలు, జవాబులు: అల్పాకా చూలు, ఈత

గత నెల ఈ శీర్షికలో పెరూ దేశపు ఉన్ని జంతువైన అల్పాకాను క్లుప్తంగా పరిచయం చేశాం. అది ఒంటె కుటుంబానికి చెందినదనీ, ఆండీస్ పర్వతాలలో సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్లకు పైబడిన చల్లని పీఠభూములు దాని స్వస్థలమనీ, అక్కడి ప్రజలు వికూన్యా అనే అడవి జంతువును వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకోగా ఇది ఏర్పడిందనీ రాశాం. దానిపై నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి: ఈ జంతువు ఎలా చూలు కడుతుంది, ఎలా ఈనుతుంది, మంద ఎంత త్వరగా పెరుగుతుంది? గొర్రెల మధ్య బతికే ప్రాంతం నుంచి రావలసిన ప్రశ్నలే ఇవి. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, మాది ఉదయగిరి దగ్గర పల్లె. తాతల నాటి నుంచి జోడిపి గొర్రెలు మేపుకుంటున్నాం. ఈమధ్య ఒకాయన వచ్చి, పది ఆడ అల్పాకాలకు డబ్బు కడితే మంద ఏటా రెట్టింపవుతుందనీ, మూడేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందనీ చెబుతున్నాడు. మన గొర్రెలే రెండేళ్లలో మూడు ఈతలు ఈనుతున్నప్పుడు ఇదీ నిజమే అయి ఉంటుందని మా అన్నదమ్ములు అంటున్నారు. నమ్మవచ్చునా?

జవాబు: నమ్మవద్దు. ఆయన చెప్పిన లెక్క ఆ జంతువు శరీరానికి సాధ్యమయ్యేది కాదు.

గొర్రెకు చూలుకాలం సుమారు 150 రోజులు. అల్పాకాకు అది సగటున పదకొండున్నర నెలలు. 335 రోజులకు ఈనేవీ ఉన్నాయి, 360 రోజులకు మించి మోసేవీ ఉన్నాయి. ఈతకు ఒక్కటే పిల్ల. కవలలు బతికి బయటపడడం చాలా అరుదు. రెండు పిండాలు పడినా సాధారణంగా ఒకటి గానీ రెండూ గానీ కడుపులోనే పోతాయి. ఈనిన తరువాత గర్భసంచి సర్దుకోవడానికి రెండు మూడు వారాలు ఆగి మళ్లీ దాటిస్తారు, అంటే మగదానితో కలుపుతారు. అంటే అంతా సవ్యంగా జరిగినా తల్లికి ఏడాదికి ఒక పిల్ల, అంతకు మించి లేదు.

ఇప్పుడు మీ పది జంతువుల లెక్క వేద్దాం. ఏటా రెట్టింపయితే మూడేళ్లకు ఎనభై కావాలి. నిజానికి పదికి పదీ చూలు కట్టి, ఒక్క పిల్లా చావకపోయినా మూడేళ్లలో పుట్టేది ముప్పై పిల్లలు. వాటిలో సగం మగవి. మొదటి ఏడు పుట్టిన ఆడపిల్లలను ఏడాది నుంచి ఏడాదిన్నర వయసులో, పెద్ద జంతువు బరువులో కనీసం అరవై శాతానికి చేరిన తరువాతే దాటించాలి. ఆపైన పదకొండున్నర నెలల చూలు ఉంటుంది గనుక, వాటి తొలి ఈతలు ఆ మూడో ఏటి చివరికి కూడా పూర్తి కావు. మీ మంద నలభై చేరితే అది అదృష్టం. అందులోనూ ఈనగల ఆడవి సగానికి మించవు. పైగా అల్పాకాలో మొదటి రెండు నెలలలోనే పిండం కరిగిపోవడం మామూలు; చూలు నిలిచిందని పరీక్షలో తేలిన వాటిలోనూ కొన్ని ఈతదాకా రావు.

మగవాటి సంగతీ తెలుసుకోండి. పుట్టిన మగపిల్ల అంగం దాని తొడుగుకు అతుక్కుని ఉంటుంది. వయసుతో పాటు మగ హార్మోను పెరిగేకొద్దీ ఆ అతుకు నెమ్మదిగా విడిపోతుంది. కొన్నింటికి ఏడాదికే విడిపోయినా, చాలావాటికి రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. అందాకా దాన్ని విత్తనపు మగగా లెక్కలో వేసుకోకూడదు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. జంతువు ఇచ్చే ఉన్ని మీదా మాంసం మీదా కాక, దాని పిల్లలను తరువాత వచ్చేవారికి అమ్మడం మీదే లాభం చూపించే పథకం ఏ జంతువుదైనా సరే, ఆఖరున కొన్నవారిని నష్టపరుస్తుంది. విదేశీ పశువులు మన దేశంలోకి రావాలంటే 1898 నాటి పశు దిగుమతి చట్టం కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి, ఆ తరువాత క్వారంటైన్ తప్పనిసరి. ఆ కాగితాలు చూడకుండా రూపాయి కూడా ఇవ్వవద్దని మీ అన్నదమ్ములకు గట్టిగా చెప్పండి.

ప్రశ్న: నేను నెల్లూరులో డిగ్రీ జంతుశాస్త్రం చదువుతున్నాను. గొర్రె పదిహేడు రోజులకు ఒకసారి ఎదకు వస్తుందని చదువుకున్నాం. అల్పాకాకు ఎద చక్రమే లేదంటారు. మరి అండం ఎప్పుడు విడుదలవుతుంది?

జవాబు: దాటిన తరువాతే విడుదలవుతుంది. ఈ జంతువు గురించి తెలుసుకోవలసిన వాటిలో నాకు అన్నింటికన్నా ఆసక్తికరమైనది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గొర్రె, ఆవు, గేదెలలో అండం చక్రం ప్రకారం దానంతటదే విడుదలవుతుంది. దానికి కాస్త ముందు ఎద కనిపిస్తుంది. అల్పాకా అండాశయంలో అండపు బుడగలు అలలు అలలుగా పెరుగుతాయి. ఒక బుడగ పెద్దదై కొన్ని రోజులు నిలిచి, దాటు జరగకపోతే కుంచించుకుపోతుంది. ఈలోగా మరొకటి పెరుగుతూ ఉంటుంది. అందువల్ల చూలు లేని ఆడది చాలావరకు ఎప్పుడైనా మగదాన్ని రానిస్తుంది. పెరిగిన బుడగ సుమారు ఏడు మిల్లీమీటర్లు ఉన్నప్పుడు దాటు జరిగితే, ఇరవై ఆరు నుంచి ముప్పై గంటలలో అండం విడుదలవుతుంది. కుందేలు, పిల్లి కూడా దాటు తరువాతే అండం విడిచే జంతువులు. ఒంటె కుటుంబమంతా ఇంతే.

దాటు ప్రేరణే ఇందుకు కారణమని చాలాకాలం అనుకున్నారు. 1985లో చైనా శాస్త్రవేత్తలు రెండు మూపుల ఒంటెలలో మగదాని ప్రమేయం లేకుండా వీర్యాన్ని మాత్రమే ప్రవేశపెట్టి చూడగా అండం విడుదలయింది. అంటే వీర్యద్రవంలోనే ఏదో పదార్థం ఉంది. అదేమిటో 2012లో కెనడా, చిలీ పరిశోధకుల బృందం తేల్చింది: అది నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీను. ఆ ప్రోటీనును కనుగొన్నందుకే రీటా లెవీ మోంటల్‌చీనికి, స్టాన్లీ కోహెన్‌తో కలిపి 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. నాడులకు సంబంధించినదని అందరూ ఎరిగిన ఆ పదార్థం, అల్పాకా రక్తంలో కలిసి మెదడు ద్వారా అండాశయాన్ని కదిలిస్తోందని తెలియడం పశు పునరుత్పత్తి శాస్త్రంలో ఎంతో విలువైన సంగతి.

దాటే తీరు కూడా దీనికి తగినట్టే ఉంటుంది. ఆడది నాలుగు కాళ్లూ ముడిచి నేలమీద కూర్చుంటుంది. మగది గొంతులో ఒక విచిత్రమైన గురగుర ధ్వని చేస్తూ సగటున ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సేపు ఉంటుంది. వీర్యం ఒక్కసారిగా కాక చుక్కచుక్కగా, నేరుగా గర్భసంచి కొమ్ములలోకి చేరుతుంది. ఇందువల్ల గర్భసంచి లోపలి పొర కొంత ఒరుసుకుపోతుంది గనుక పదేపదే దాటించడం మంచిది కాదు.

అండం విడుదలైన చోట ఏర్పడే పసుపు దేహం, చూలును నిలిపే ప్రొజెస్టెరాన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. చూలు నిలవకపోతే పది పన్నెండు రోజులకే అది కరిగిపోతుంది. నిలిస్తే ఈతదాకా చూలును కాపాడేది అదే. పెంపకందారులు దాటించిన పద్నాలుగో రోజు ప్రాంతంలో మళ్లీ మగదాన్ని చూపించేది ఇందుకే. చూలు నిలిచిన ఆడది కూర్చోదు. మగదాని మీద ఉమ్మి, తన్ని, పారిపోతుంది. ఇది చక్కని సూచనే గానీ రుజువు కాదు; నెల దాటాక స్కానింగ్ చేయించాలి. ఆ స్కానింగ్‌లో మీరు ఇంకొక వింత చూస్తారు: అండం కుడి అండాశయం నుంచి వచ్చినా ఎడమ అండాశయం నుంచి వచ్చినా, పిండం దాదాపు ఎప్పుడూ ఎడమ కొమ్ములోనే కుదురుకుంటుంది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కావలి. మా అమ్మాయి, అల్లుడు ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో ఊరి బయట కొద్దిపాటి పొలం కొనుక్కుని నాలుగు అల్పాకాలను పెంచుతున్నారు. ఒకటి చూలుతో ఉంది. పదకొండు నెలలు దాటినా ఈనలేదు, పొదుగు కూడా దిగలేదు. మా పుట్టింట్లో గొర్రెలుండేవి. ఈపాటికి గొర్రె రెండుసార్లు ఈని ఉండేది. అమ్మాయి కంగారు పడుతోంది. ఈత సమయంలో ఏం చూసుకోవాలో చెప్పండి.

జవాబు: అమ్మా, పదకొండు నెలలు దాటడం ఆలస్యం కానే కాదు. చూలు కట్టిన ఋతువును బట్టి కూడా పది రోజులదాకా తేడా వస్తుంది. పొదుగు మన గొర్రెలలాగా ముందుగా దిగి కనిపించదు. కొన్నింటికి ఈతకు కొద్ది రోజుల ముందు మాత్రమే నిండుతుంది. తొందరపడి ఈత రప్పించే ఇంజెక్షన్ మాత్రం వేయించవద్దని అమ్మాయికి చెప్పండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల బతకడం కష్టం.

అయితే ఒక ప్రమాదాన్ని మాత్రం కనిపెట్టి ఉండాలి. చూలు చివరి నెలలలో గర్భసంచి మెలిపడడం ఈ జాతిలో తరచుగా జరుగుతుంది. మేత మానేసి, మందకు దూరంగా ఉండి, పడుకుంటూ లేస్తూ, పొట్టవైపు తన్నుకుంటూ ఉంటే అది ఈత నొప్పి అనుకుని ఊరుకోకూడదు. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. త్వరగా గుర్తిస్తే మెలికను విప్పి తల్లినీ పిల్లనూ కాపాడవచ్చు.

ఈత చాలావరకు పగలే, ఉదయం నుంచి మధ్యాహ్నం లోపు జరుగుతుంది. రాత్రుళ్లు గడ్డకట్టే పీఠభూమిలో పుట్టిన జాతి గనుక, చీకటి పడేలోగా పిల్ల ఆరి, లేచి, పాలు తాగడానికి ఇది వీలైన అలవాటు. అందుచేత పొద్దుగూకిన తరువాత నొప్పులు మొదలైతే ఏదో చిక్కు ఉందేమోనని అనుమానించాలి. మామూలు ఈతలో తల్లి పక్కకు వెళ్లి, పేడకుప్ప దగ్గరకు మాటిమాటికీ పోతూ, సన్నగా మూలుగుతుంది. ముందుగా ముట్టె, ముందు కాళ్లు రెండూ కనిపిస్తాయి. చాలావరకు నిలబడే ఈనుతుంది. పిల్ల సగం బయటికి వచ్చి కాసేపు తలకిందులుగా వేలాడుతుంది. చూసేవారి మనసు ఆగక పట్టి లాగబోతారు. లాగకూడదు. ఆ వేలాడే సమయంలోనే పిల్ల ముక్కులోని, ఊపిరితిత్తులలోని నీరు కారిపోతుంది. అరగంటసేపు గట్టిగా ముక్కినా ముందుకు సాగకపోయినా, కాళ్లు లేకుండా తల మాత్రమే వచ్చినా, తల లేకుండా కాళ్లు మాత్రమే వచ్చినా అప్పుడు సాయం కావాలి. మాయ ఆరు గంటలలోపు పడిపోవాలి. పడిన మాయను పరచి, ముక్క ఏదీ లోపల ఉండిపోలేదని చూడాలి.

ఇక మీకు కొత్తగా తోచే విషయం ఒకటి ఉంది. ఈనిన గొర్రె పిల్లను నాకి ఆరబెట్టడం మీరు పుట్టింట్లో చూసే ఉంటారు. అల్పాకా నాకదు. దాని నాలుక అంత బయటికి రాదు. పిల్లను వాసన చూస్తూ, ముట్టెతో తడుముతూ, గొంతులో సన్నగా పలకరిస్తూ ఉంటుంది. తల్లి పిల్లను వదిలేసిందని అమ్మాయి బెంగపడవలసిన పని లేదు. పిల్ల ఒంటిమీద ఉండే పలుచని పొర గాలికి ఆరి రాలిపోతుంది. వాన గానీ చలి గానీ ఉంటే పొడి తువ్వాలుతో గట్టిగా తుడవాలి. బొడ్డుకు అయోడిన్ పూయాలి.

పిల్ల ఆరు నుంచి ఎనిమిది కిలోలు ఉంటే మంచిది. కింది ముందుపళ్లు చిగురు చీల్చుకుని రాకపోతే, చెవులు వాలిపోయి ఉంటే అది నెలలు నిండని పిల్ల. గంటా రెండు గంటలలో నిలబడాలి. నాలుగు గంటలలోపు పాలు పట్టాలి. ఇక్కడ మాత్రం గొర్రెకూ గేదెకూ దీనికీ తేడా లేదు: మాయ ద్వారా పిల్లకు వ్యాధి నిరోధకాలేవీ అందవు, అన్నీ ముర్రుపాల ద్వారానే అందాలి. వాటిని పేగు పీల్చుకోగలిగేది మొదటి రోజు మాత్రమే, అందులోనూ మొదటి పన్నెండు గంటలు అతి ముఖ్యం. పిల్ల బరువులో పదో వంతు, అంటే ఏడు కిలోల పిల్లకు 700 మిల్లీలీటర్ల ముర్రుపాలు మొదటి రోజున అందాలి. తల్లి దగ్గర లేకపోతే ఆవు లేక మేక ముర్రుపాలు పట్టవచ్చు; ఈతకు ముందే కొంత సేకరించి ఫ్రీజరులో ఉంచుకోమనండి. మన ఇళ్లలో జున్ను మీద ఉన్న మక్కువకొద్దీ దూడ నోటిదగ్గరి ముర్రుపాలను పిండుకోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. దూడ కడుపు నిండాకే జున్ను సంగతి చూడాలి.

పిల్లను రోజూ ఒకే వేళకు తూచమనండి. మొదటి రోజు కాస్త తగ్గినా, ఆ తరువాత ప్రతిరోజూ పెరగాలి. విక్టోరియాలో చలికాలపు ఎండ తక్కువ, పిల్లకు ఉన్ని ఎక్కువ. అందువల్ల డి విటమిను లోపించి ఎముకలు వంగే ప్రమాదం ఉంది. దానికి అక్కడి వైద్యులు ఇంజెక్షన్ వేస్తారు. ఆరు నెలలకు పాలు మాన్పించవచ్చు.

ప్రశ్న: కొండపి ప్రాంతంలో గోపాలమిత్రగా పనిచేస్తున్నాను. ఆవులకు, గేదెలకు ఘనీభవించిన వీర్యంతో సూది వేస్తాం. అల్పాకాలకు ఈ పద్ధతి ఉందా?

జవాబు: పరిశోధనశాలలలో ఉంది గానీ, మీరు చేస్తున్నంత సులువుగా, నమ్మకంగా ఎక్కడా లేదు. కారణం మొదట వీర్యంలోనే ఉంది. అల్పాకా వీర్యం తక్కువ పరిమాణంలో, జిగటగా, తీగలా సాగుతూ ఉంటుంది. కణాల సంఖ్య తక్కువ. ఆ జిగట వల్ల వీర్యాన్ని పలుచన చేసే ద్రవం సరిగా కలవదు, ఘనీభవింపజేసి కరిగించాక బతికే కణాలు కొద్ది. చుక్కచుక్కగా చాలాసేపు విడుదలవుతుంది గనుక సేకరించడమూ కష్టమే. పైగా ఆడదానికి ఎద లేదు. ముందు స్కానింగ్‌లో బుడగ పరిమాణం చూసి, హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి, గంటలు లెక్కపెట్టి వేయాలి. ఆవు ఎద లక్షణాలను రైతు చెప్పగానే బయలుదేరే మీ పనికీ దీనికీ చాలా దూరం. పిండమార్పిడి మాత్రం ఆస్ట్రేలియా వంటి చోట్ల బాగా సాగుతోంది: మేలుజాతి తల్లి నుంచి వారం రోజుల పిండాన్ని కడిగి తీసి, మామూలు ఆడదాని గర్భంలో ఉంచుతారు. మీకు ఈ జాతి మీద ఆసక్తి ఉంటే మన దేశంలోనే ఒంటెలున్నాయి. 1984లో బికనీరులో ఏర్పడిన జాతీయ ఒంటె పరిశోధన కేంద్రంలో ఇవే చిక్కుల మీద పని జరుగుతోంది.

ప్రశ్న: మాది ఒంగోలు. మన గిత్తలు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి అక్కడ ‘నెలోరె’ పేరుతో కోట్లకు పెరిగాయి. అలాగే అల్పాకాను ఇక్కడికి తెచ్చి ఎందుకు పెంచకూడదు?

జవాబు: మన జాతి సాధించినదానికి గర్వపడవలసిందే. పందొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా వెళ్లిన ఒంగోలు పశువులే ఆ మందలకు మూలం. కానీ అవి వెళ్లింది వేడి దేశం నుంచి వేడి దేశానికి. ఇక్కడ ఎండకు తట్టుకున్న శరీరమే అక్కడా పనికొచ్చింది. అల్పాకాను మన దగ్గరికి తేవడం దీనికి తలకిందులైన పని.

ఎండకు మొదట దెబ్బతినేది సంతానోత్పత్తి శక్తి. మన పొట్టేలు వృషణాలు కిందికి వేలాడుతూ శరీరపు వేడికి దూరంగా ఉంటాయి. వేడి పెరిగితే ఇంకా కిందికి దిగుతాయి. మగ అల్పాకా వృషణాలు తోక కింద ఒంటికి అంటిపెట్టుకుని చిన్నవిగా ఉంటాయి. చలిదేశంలో అది రక్షణ. రోహిణీ కార్తెలో అదే శాపం. వృషణసంచి నీరుపట్టి వాచి, వీర్యకణాలు నశిస్తాయి. కొత్త కణాలు తయారు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది గనుక, ఎండలు తగ్గిన తరువాత కూడా ఆ మగది కొంతకాలం పనికిరాదు. ఆడవాటిలో తొలి నెలల పిండం నిలవదు. నిండు చూలువి ఈసుకుపోతాయి.

పెంపకందారులు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఫారెన్‌హీట్‌లో వేడిని, గాలిలో తేమ శాతాన్ని కలపాలి. మొత్తం 120 లోపు ఉంటే భయం లేదు, 180కి చేరితే ప్రాణాపాయం. నెల్లూరులో మే నెల రాత్రి 28 డిగ్రీల సెల్సియస్, అంటే 82 ఫారెన్‌హీట్, తేమ 80 శాతం ఉందనుకోండి: 162. పగలు సరే, రాత్రి కూడా ఆ జంతువుకు తెరిపి లేదన్నమాట. వేడి ప్రాంతాలలో అల్పాకాలను పెంచేవారు లేకపోలేదు. ఎండాకాలానికి ముందు ఉన్ని కత్తిరించి, నీడ, ఫ్యాన్లు ఏర్పరచి, వీపు మీద కాకుండా పొట్ట కింద నీళ్లు చల్లి కాపాడతారు, చల్లని నెలలలోనే దాటిస్తారు. అంత ఖర్చూ శ్రమా పెట్టగలవారు ఆ శ్రద్ధలో సగం మన చదలవాడ క్షేత్రంలో కాపాడుతున్న ఒంగోలు జాతి మీదా, నెల్లూరు గొర్రెల మీదా పెడితే ఈ నేలకు ఎక్కువ మేలని నా నిశ్చితాభిప్రాయం.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నాను. అల్పాకాను మన గొర్రెతో గానీ మేకతో గానీ సంకరం చేస్తే ఉన్నీ మాంసమూ రెండూ వస్తాయని విన్నాను. సాధ్యమేనా?

జవాబు: సాధ్యం కాదు. గొర్రెకు 54 క్రోమోజోములు, మేకకు 60, అల్పాకాకు 74. ఇవి మూడూ ఒకదానికొకటి చాలా దూరపు జాతులు. అల్పాకా సంకరమయ్యేది తన కుటుంబంలోనే. లామా అనేది అల్పాకాకు దగ్గరి చుట్టమైన, బరువులు మోసే ఆండీస్ జంతువు. మగ లామాకు, ఆడ అల్పాకాకు పుట్టే పిల్లను పెరూలో వారీసో అంటారు; దానికి సంతానశక్తి కూడా ఉంటుంది, అయితే ఉన్ని నాణ్యత పడిపోతుంది గనుక మంచి పెంపకందారులు దాన్ని ఇష్టపడరు. ఒంటెకు కూడా 74 క్రోమోజోములే. 1998లో దుబాయిలో మగ ఒంటె వీర్యంతో ఆడ లామాకు కృత్రిమ గర్భధారణ చేసి ‘కామా’ అనే పిల్లను పుట్టించారు. అయితే ఒంటె బరువు లామాకు అనేక రెట్లు కావడంతో అందుకు కృత్రిమ పద్ధతే శరణ్యమయింది.